పేరు చెప్పని వాగు

బుట్టాయగూడెం దాటి కొండల్లోకి పోతే ఒక వాగు ఉంది. దాని పేరు చెప్పను, మీరూ అడక్కండి. పొద్దుగూకాక దాన్ని దాటే మొనగాడు లేడని చుట్టుపక్కల చెప్పుకుంటారు. అవతలి గట్టున ఒక దీపం నేలబారున తిరుగుతుందట... దాని వెంట అడుగుల చప్పుడట. పిలిస్తే ఆరిపోతుందట. ఆరిందా — పిలిచినవాడి పని అంతే.

ఈ కథ వినగానే షారోన్‌కి ఒళ్లు మండింది.

2005 మార్చి నెలాఖరు. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్న షారోన్, శశాంక్, మేధ వీపున బ్యాగులు తగిలించుకుని మూడు రోజుల అడవి నడకకి వచ్చారు. కాలేజీ గోడపత్రిక షారోన్‌దే. ‘మూఢత్వంపై యుద్ధం’ అని రాబోయే సంచికకి శీర్షిక ముందే పెట్టేసింది. ఆ గట్టు మీద రాత్రి నిలబడి, దెయ్యం లేదని తేల్చుకొచ్చి రాస్తానని కాలేజీ అంతా చాటింది. ఇప్పుడు వెనక్కి తగ్గితే తన మాటని ఇంకెవరు నమ్ముతారు?

"భయమే పాలకుల ఆయుధం," అంది వాగు ఒడ్డున బ్యాగు దించుతూ.

"పాలకులు ఇక్కడిదాకా రారు తల్లీ. దోమలొస్తాయి," అన్నాడు శశాంక్.

చీకటి పడేముందు ఫారెస్టు గార్డు ఒకాయన ఎదురయ్యాడు. "ఇక్కడ పడుకోకండమ్మా. ఉద్యోగం ఇదే అయినా, రాత్రిళ్లు నేనే ఇటు రాను," అని గబగబా వెళ్లిపోయాడు.

చెట్లు ఆకాశాన్ని మూసేశాయి. వెదురు కిర్రుమంటోంది. ఎంతసేపైందో తెలీదు...

టప్.

వాన లేదు. గాలి లేదు.

టప్... టప్... అవతలి గట్టున ఎవరో తాపీగా నడుస్తున్నట్టు.

"షారోన్..." మేధ అవతలికి వేలు చూపించింది.

దీపం. మోకాలి ఎత్తులో. ఆగుతోంది, కదులుతోంది, మళ్లీ ఆగుతోంది.

షారోన్ నాన్న యోసేపు కలిదిండిలో చేపల చెరువుల కాపలాదారు. అక్కడ రాత్రిపూట పరాయి దీపం కనిపిస్తే గట్టుమీంచి గట్టిగా కేక వేస్తారు. మంచివాళ్లు జవాబు చెప్తారు, దొంగ పరిగెడతాడు. చిన్నప్పట్నుంచీ విన్న కేకే ఇప్పుడు నోట్లోంచి వచ్చింది.

"ఎవరదీ... హోయ్!"

దీపం ఆరిపోయింది.

టప్... టప్... ఆ చప్పుడు మాత్రం ఆగలేదు.

"అయిపోయింది. పిలిచావుగా," అని గొణిగాడు శశాంక్. "ఇక్కడే ఉండు షారోన్, దండం పెడతాను."

షారోన్‌కి భయమేసింది. ఆ భయం మీదే ఆమెకి కోపం వచ్చింది. టార్చి పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో దిగింది.

అవతల ఏదో మెత్తగా, చల్లగా నెత్తిమీద పడింది. అరవబోయి... నోరు నొక్కుకుంది. బెల్లం పాకంలాంటి తీపివాసన. టార్చి కిందికి తిప్పితే నేలంతా తెల్లగా పువ్వులు. ఇప్పపూలు! చెట్లమీంచి ఒక్కొక్కటే రాలుతున్నాయి... టప్, టప్.

చెట్టు మొదట్లో ఐదుగురు ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి ముడుచుకుని కూర్చున్నారు. ముసలామె ఒళ్లో ఆర్పిన బుడ్డిదీపం, పక్కన సగం నిండిన గంప.

"గార్డులా?" అంది గుసగుసగా.

"కాదు మామ్మగారూ... చదువుకునేవాళ్లం."

"ఆ కేకేంటమ్మా, గుండె ఆగినంత పనైంది!"

"రాలిన పువ్వు ఏరుకోడానికి గార్డుల భయమెందుకండీ?"

"ఈ పువ్వుతో సారా కాస్తున్నామని గంపలతో సహా లాక్కుంటారు. ఇది మా తిండమ్మా. ఎండబెట్టుకుని వానలున్నన్నాళ్లూ ఉడకేసుకుంటాం."

"మరి... దెయ్యం?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "మా అత్త పుట్టించింది. మంచి దెయ్యం పాపం, మమ్మల్ని కాపాడుతోంది," అంది ముసలామె. అంతలోనే షారోన్ చెయ్యి పట్టుకుంది. "దాన్ని చంపెయ్యకమ్మా."

షారోన్‌కి వచ్చిన నినాదాల్లో ఒక్కటీ ఆ పూటకి పనికి రాలేదు. తిరిగొచ్చి, ఏమైందని ఎంత అడిగినా నోరు విప్పలేదు. తెల్లవార్లూ పళ్లు బిగించి కూర్చుంది — ఇంత అడవిలో, చెట్టు రాల్చిన పువ్వు కోసం మనుషులు దెయ్యాల్లా బతకాలా?

వెలుగు వచ్చాక గార్డు కర్ర పట్టుకుని దిగాడు.

"రాత్రి కేక వినపడింది. అవతల మనుషులున్నారా? నిజం చెప్పండి. రేపట్నుంచి నలుగుర్ని వెంటేసుకుని కాపలా కాస్తాను."

"ఉన్నారండీ," అంది షారోన్.

గార్డు కళ్లు మెరిశాయి.

"మనుషులు కాదండీ. ఒక ఆడది... జుట్టు విరబోసుకుని. పాదాలు వెనక్కి తిరిగున్నాయి. ఇక్కడ గార్డెవరని అడిగింది. నాకు మీ పేరు తెలీదుగా, చెప్పలేకపోయాను... ఇంతకీ, మీ పేరేంటండీ?"

గార్డు పేరు చెప్పలేదు. వెనక్కి చూడకుండా గట్టెక్కాడు.

శశాంక్ నోరు ఇంకా మూతపడలేదు. "మరి పత్రికలో ఏం రాస్తావు?"

షారోన్ బ్యాగు భుజానికెత్తుకుంది. "దెయ్యం ఉందనే రాస్తాను. కాలేజీ అంతా నవ్వితే నవ్వనీ."