అమ్మ పాట తెరుచుకున్న సాయంత్రం

ఆమదాలవలస స్టేషన్ వెనక వీధిలో జగదీశ్వరి పాట వినని ఇల్లు లేదు. గొంతులో జబ్బు చేసి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశాక ఆమె మాట కూడా పోయింది. దానికి ముందే కూతురు మహతి ఆమెను ఒక స్టూడియోకి తీసుకెళ్ళి జోలపాట పాడించింది. వాళ్ళిచ్చిన పెద్ద ఫైలు ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టుకుంది. ఆ స్టూడియో తర్వాత మూతపడింది.

ఇప్పుడు జబ్బు తిరగబెట్టింది. విశాఖ డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తల్లి మంచం మీద నుంచే మహతి అరచేతిలో వేలితో ఒకటే మాట రాస్తోంది. పాట.

ఫైలు తెరుచుకోదు. నొక్కిన ప్రతిసారీ తెర బిగుసుకుపోయి మెమరీ చాలదంటుంది. మహతి ఏడుస్తూ నరసన్నపేటలో ఉన్న మేనబావ మోహనకృష్ణకి ఫోన్ చేసింది.

"ఏడవకే. ర్యామ్ పెంచితే సరిపోద్ది," అన్నాడతను. "ప్లగ్గు పీకి డబ్బా విప్పు. లోపల పొడుగాటి పచ్చ పలక ఉంటాది. దాని మీద ఏటి రాసుందో సూడు. అదే రకం కావాలి. వేరేదైతే గాడిలో కూకోదు."

"డీడీఆర్ త్రీ అనుంది బావా. పక్క గాడి ఖాళీ."

"అలాటిదే ఇంకోటి తెచ్చి ఎక్కించు మరి."

పక్కింటి తవిటమ్మను తల్లి దగ్గర కూర్చోబెట్టి, శ్రీకాకుళంలో దుకాణం దుకాణం తిరిగింది. ఆ రకం కొత్తవి రావట్లేదన్నారు. చివరికి ఒకాయన పాత సామాను అట్టపెట్టెలోంచి ఒకటి తీసి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు.

తిరిగొచ్చేసరికి వాన పట్టుకుంది. పొద్దు గూకకుండానే గది చీకటైంది. తవిటమ్మ వెళ్ళిపోయింది. మహతి బావకి మళ్ళీ ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, పలకను గాడిలో నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో అదిమింది. టక్కుమని కొక్కేలు పడ్డాయి. ఆ డబ్బాలోంచి సన్నగా పాలవాసన వచ్చింది. పసిపిల్లల ఒంటి మీద ఉండే వాసన. ప్లగ్గు పెట్టి కంప్యూటర్ ఆన్ చేసింది.

"ఎంత సూపిస్తన్నాది?"

"ఎనిమిది జీబీ, బావా. ఇందాక నాలుగే."

ఫైలు తెరుచుకుంది.

తంబురా మీద తల్లి గొంతు లేచింది. మంచం మీద జగదీశ్వరి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మహతి ఆమె చెయ్యి పట్టుకుంది. పల్లవి అయింది. తల్లి ఊపిరి తీసుకునే చోట... ఇంకో గొంతు అందుకుంది. చిన్న పిల్లది.

ఆ రోజు స్టూడియోలో పిల్లలెవరూ లేరు.

పాట ఆగింది. తంబురా ఒక్కటే మోగుతోంది. స్పీకర్లలో తల్లి గొంతు మెల్లగా అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"వస్తావా?"

"ఇప్పుడే రాలేనే... మా పిల్ల ఒక్కతే అయిపోతాది."

మహతి చేతిలో తల్లి వేళ్ళు బిగుసుకున్నాయి. మహతి విదిలించుకుని వెళ్ళి ఆపబోయింది. ఆగలేదు. ప్లగ్గు పీకేసింది. తెర ఆరిపోయింది. తంబురా ఆగలేదు...

"వస్తావా?" మళ్ళీ అదే గొంతు. ఈసారి దగ్గరగా.

మహతి డబ్బాలో చెయ్యి పెట్టింది. కొక్కేలు వదల్లేదు. గోరు విరిగింది. రక్తం కారుతుండగానే పలకను పెరికి నేలకేసి కొట్టింది.

తంబురా ఆగింది. వాన చప్పుడు.

వెనక్కి తిరిగింది. తల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. గుండె మీద చెవి పెట్టింది. ఏమీ లేదు. ఏడుపు తన్నుకొస్తే మహతి రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

ఫోన్‌లో బావ గొంతు.

"ఆపకే మహతీ... అత్త ఎంత బాగా పాడతన్నాదో!"

గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించట్లేదు.

"ఆ పిల్లెవరో గానీ అదీ బాగానే పాడతన్నాది," అన్నాడు మోహనకృష్ణ. కాసేపు విన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఒసే... నువ్వెందుకే ఏడుస్తా పాడతన్నావు?"