ఖాళీ కాకముందే

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. ఐదో అంతస్తులో ఆమె, కింద ముందు తలుపు దగ్గర వాచ్‌మన్ బాబాయ్. ఏసీలు ఆపేసిన హాల్లో కార్పెట్ ముక్కిపోయిన వాసన కొడుతోంది. ఎక్కడో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

ఇంత పెద్ద కంపెనీకి మనుషుల్ని ఎంచే యంత్రాన్ని తయారుచేసింది ఆమే. పోస్టు ఖాళీ అయితే చాలు, ప్రకటన అదే వేస్తుంది. దరఖాస్తులు అదే వడపోస్తుంది. ఫోన్లో ఇంటర్వ్యూ చేసి, ఎప్పుడొచ్చి చేరాలో కూడా అదే చెబుతుంది. మధ్యలో మనిషి చెయ్యి పడక్కర్లేదు. ఆ మాటకి ఆమె మీటింగుల్లో చప్పట్లు కూడా కొట్టించుకుంది.

పోయిన నెల అది స్టోరు గుమాస్తా పోస్టు ఖాళీ అంది. గుమాస్తా నిక్షేపంగా సీట్లోనే ఉన్నాడు. "నన్ను అప్పుడే సాగనంపుతున్నారేంటమ్మా" అని నవ్వాడు. రెండో రోజు ఆ సీట్లోనే తల వాల్చేశాడు. పది రోజులకి ఓ డ్రైవరు, అదే వరస. ఆమె వెళ్ళి మొత్తుకుంటే, "ముందే పసిగడుతోందంటే మంచిదేగా" అన్నాడు మేనేజరు. ఆ మాటకి ఒళ్ళు మండింది. అందుకే ఇవాళ, ఎవరికీ చెప్పకుండా, ఆ యంత్రం పీక నొక్కేయడానికి వచ్చింది.

తెర వెలిగింది.

ఖాళీ: వాచ్‌మన్, ముందు తలుపు. అభ్యర్థి ఒక్కరు. ఎంపిక పూర్తి. చేరే సమయం: ఈరోజు నాలుగు గంటలు.

ఇంకా పావుగంట. ఆమె ఫోన్ తీసింది.

"బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"ఇందాకేగా చూశావు. ఇంతలోనే ముసలాణ్ణి అయిపోతానా?"

"నీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

బాబాయ్ గొంతు తగ్గించాడు. "ఎవరో వచ్చాడమ్మా. ఎదురుగా నిలబడి నా కుర్చీనే చూస్తున్నాడు. పలకరిస్తే పలకడు... ఎందుకో మరి, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది."

ఆమె ఆ ఖాళీని చెరిపేసింది. అది మళ్ళీ వచ్చింది. ప్లగ్గు పీకేసింది. తెర ఆరలేదు.

ఇంటర్వ్యూ రికార్డింగు నొక్కింది. "ఈ పోస్టే ఎందుకు కావాలి?" అంది యంత్రం గొంతు. అవతల తడి ఊపిరి... చాలాసేపు. ఆ తర్వాత, మట్టి నోట్లో ఉన్నట్టు...

"కూర్చోవాలి."

ఆమె రికార్డింగు ఆపేసింది. భయం వెనకే కోపం తన్నుకొచ్చింది. అదే పోస్టుకి తన దరఖాస్తు పెట్టింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఈ పోస్టే ఎందుకు కావాలి?"

"అది ఖాళీగా లేదు కాబట్టి. మనిషి బతికుండగా అతని కుర్చీ అడిగేవాడికి ఏం అర్హత చూశావు? కనీసం పేరైనా అడిగావా? నీకు ప్రశ్నలు నేర్పింది నేను. ఇప్పుడు నువ్వు జవాబు చెప్పు."

యంత్రం గొంతుకి బదులు ఆ తడి ఊపిరి వినిపించింది. ఈసారి దగ్గరగా.

"నాది..."

"నీది కాదు. కంపెనీలో ఉన్నవాళ్ళు అడిగితే బయటివాడి ఎంపిక చెల్లదు. ఆ నియమం రాసిన చెయ్యి ఇదిగో, ఇదే."

ఫోన్ కట్టయింది. తెరమీద అభ్యర్థి పక్కన పేరొకటి వచ్చింది. ఆమె పేరు.

మెట్లు రెండేసి దిగుతూ కిందికి పరుగెత్తింది. బాబాయ్ తలుపు బయట నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. గోడ గడియారంలో నాలుగు దాటింది.

"బరువు దిగిపోయిందమ్మా. వాడూ వెళ్ళిపోయాడు."

"ఎటు?"

"లోపలికి. నువ్వే రమ్మన్నావన్నాడు."

చేతిలోని ఫోన్‌కి సందేశం వచ్చింది. మీ బదిలీ నమోదైంది. ఐదో అంతస్తులో మీ పాత పోస్టు ఖాళీ. అభ్యర్థి ఒక్కరు.

బాబాయ్ ఆమె భుజం పట్టుకున్నాడు. "ఇంటికి పోదాం పద."

"నువ్వెళ్ళు బాబాయ్. ఈ డ్యూటీ ఇప్పుడు నాది."

తలుపుకి బయటినుంచి గొళ్ళెం పెట్టి, తాళం వేసి, పక్కనే ఉన్న బాబాయ్ కుర్చీలో గట్టిగా కూర్చుంది. పైన ఐదో అంతస్తు అద్దాల్లో ఒక సీటు దగ్గర లైటు వెలిగింది. పక్క సీటు దగ్గర ఇంకోటి. ఆ తర్వాత వరసంతా... ఆదివారం కదా, సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి.

రేపు తొమ్మిదింటికి జనం వస్తారు. రానీ. ఒక్కరినంటే ఒక్కరినీ లోపలికి వదలను, అనుకుంది.

లోపలినుంచి ఎవరో తలుపు తట్టారు. మెల్లగా, మర్యాదగా. ఒక చెయ్యి కాదు.