బుట్ట బరువు

పుంగనూరులో ఆగడం రంగనాయకమ్మకు ఇష్టం లేదు. ఎక్కడా దిగే పని లేకుండా మదనపల్లెలో బయల్దేరేటప్పుడే ఫ్లాస్కులో పాలు, డబ్బాలో చిత్రాన్నం సర్దుకుంది. కానీ ఊళ్ళోకి రాగానే వెంకటముని బేకరీ పక్కన బజ్జీల బండి కనిపించింది. కోడలు ఉషా కిటికీలోంచి అటే చూస్తూ ఉండిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల చూపుతో అడిగినా అడిగినట్టే.

“ఆపు రెడ్డెప్పా,” అంది రంగనాయకమ్మ.

ముందు సీట్లో ఉన్న కొడుకు గిరిబాబు వెనక్కి తిరిగి నవ్వాడు. “నేనడిగితే ఎప్పుడన్నా ఆపినావా మా?”

“నీది బొజ్జ నాయనా. దానిది కడుపు.”

డ్రైవరు రెడ్డెప్ప కిసుక్కున నవ్వి, బేకరీ గోడ వారగా కారు ఆపాడు. సన్నగా తుంపర పడుతోంది. మధ్యాహ్నమే అయినా వీధంతా సాయంత్రంలా మసకగా ఉంది. మరిగే నూనె వాసన, తడిసిన గోనె వాసన, పాలక్యాన్ల ఆటోల మోత.

అందరూ దిగారు. రంగనాయకమ్మ మాత్రం వెనక సీటు మీదున్న వెదురుబుట్ట వైపు వంగి, చెవిలో చెప్పినట్టుగా చెప్పింది. “మేము ఈడ దిగుతాండాం తల్లీ. నువ్వు కూర్చోనుండు. ఇప్పుడే వచ్చేస్తాం.”

అది ఆ ఇంటి వాడుక. బుట్టలో ఉన్నది ఒక పాత ఎర్రకోక, నాలుగు మట్టిగాజులు, కుంకుమ భరిణె. అవి ఇంటి పేరంటాలు, చచ్చి దేవతయిన ఆడబిడ్డ చౌడమ్మవి. ఒక ఏడాది మదనపల్లెలో పెద్దకోడలు రంగనాయకమ్మ ఇంట్లో, మరుసటి ఏడాది కుప్పంలో చిన్నకోడలు గోవిందమ్మ ఇంట్లో ఆమె ఉంటుంది. ఆమె అంటే బుట్ట కాదు, బుట్టలో కూర్చున్న మనిషే. అందుకే ఆగిన చోటల్లా, కదిలిన చోటల్లా చెప్పాలి. దోవలో పేరు పలకరాదు. పలికితే ఆ పేరుతో చచ్చినవాళ్ళంతా తలెత్తి చూస్తారని అత్తగారి మాట.

రేపు శుక్రవారం. గోవిందమ్మ ఇంట్లో చౌడమ్మకు కొత్తకోక పెట్టి, పాతకోక ఉషాకు కట్టాలి. ఉషాకు ఇప్పటికి రెండు కాన్పులు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. ఆ కోక ఒంటి మీద పడితే ఈ బిడ్డ నిలుస్తుందని రంగనాయకమ్మ నమ్మకం. ఆ నమ్మకం మీదే ఈ ఏడు నెలలూ ఆమె నిద్రపోయింది. కోక అందుకోవలసిన పిల్లే బుట్టను ఒళ్ళో పెట్టుకుని రావాలి కాబట్టి, ఇంత దూరం ఉషాను కదిలించింది.

బజ్జీలు తిన్నారు. టీ సగంలో ఉండగా బయట పటేలుమని చప్పుడైంది.

“లారీ టైరు పేలినట్టుండాది,” అన్నాడు వెంకటముని, గల్లాపెట్టె దగ్గర్నుంచి కదలకుండానే.

పేలింది టైరు కాదు. కారు వెనక తలుపు అద్దం మొత్తం లేదు. కారు కుయ్యో కుయ్యోమని అరుస్తోంది. గిరిబాబు పరుగెత్తి లోపలికి తొంగి చూశాడు. ముందు సీట్లో అతని ల్యాప్‌టాప్ ఉంది. ఉషా హ్యాండ్‌బ్యాగు ఉంది. ఏదీ కదల్లేదు.

“ఎవుర్రా? ఎవురు కొట్టింది?” అని చుట్టూ చూశాడు. గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్న రెడ్డెప్ప ఒక్కడే దగ్గర్లో ఉన్నాడు.

“నువ్వీడే ఉండావు కదప్పా. నీకు కనపడలేదా?”

“నేనిటు తిరిగుండా అన్నా. ఒక్క మనిషి రాలేదు. దేవుని తోడు.”

“మనిషి రాకుండా అద్దం దాన్కదే పగిల్తాదా?” గిరిబాబు గొంతు తగ్గించాడు. “మీ బామ్మర్దికి మదనపల్లెలో కారద్దాల అంగడి కదూ?”

రెడ్డెప్ప మొహం నల్లబడింది. “నాకు కావాల్సిందే అన్నా. బీడీ తాగినోడు దొంగ, టీ తాగినోళ్ళు దొరలు.”

గస్తీ తిరుగుతున్న కానిస్టేబులు బండి ఆపి దిగాడు. కారు చుట్టూ తిరిగాడు. “ఏం పోయిందమ్మా?” అని పెద్దామెను అడిగాడు.

“ఏమీ పోలేదు సార్,” అన్నాడు గిరిబాబు.

“ఏమీ పోకుంటే ఏమని రాసుకునేది?”

రంగనాయకమ్మ అప్పటికే కారులోకి వంగి, సీటు మీది గాజుపెంకులు తుడవబోతోంది. ఉషాకు గుచ్చుకుంటాయని కొంగు మడిచి చేతికి చుట్టుకుంది. సీటంతా తడిమింది. ఒక్క పెంకు లేదు. కాళ్ళ కింద పరిచిన పట్ట మీద చూసింది. అక్కడా లేదు. తల బయటికి తీసి కిందకు చూసింది. పెంకులన్నీ రోడ్డు మీద, తుంపరకు మెరుస్తూ, కలకండ పలుకుల్లా చెదిరి ఉన్నాయి.

బయటివాడు కొడితే అద్దం లోపలికి కదా పడాలి...

బుట్టను రెండు చేతులా ఎత్తింది. గింజ లేని చేటలా లేచి వచ్చింది. కోక ఉంది, గాజులున్నాయి, భరిణె ఉంది. బరువు లేదు. నలభై ఏళ్ళుగా మోసిన చేతులవి, వాటికి తెలుసు.

“ఏమన్నా పోయిందా మా?” కానిస్టేబులు మళ్ళీ అడిగాడు.

ఏం చెప్పాలి? “లేదు నాయనా,” అంది.

ఆయన వెళ్ళాక కొడుకును పక్కకు పిలిచింది. “కారుకు తాళం ఏసినావా?”

“లేదు.”

“నా కండ్లలోకి సూసి చెప్పు.”

గిరిబాబు జేబులోని రిమోటు తడిమాడు. “అలవాటు మా. దిగతానే నొక్కేస్తా. ల్యాప్‌టాప్ ఉండాది కదా... అయినా మనకు తెలీనోళ్ళా? ఆ రెడ్డెప్ప...”

“ఆ బిడ్డను ఇంకొక్క మాటంటే ఊరుకోను,” అంది. ఆమె గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది.

మదనపల్లె ఇంట్లో చౌడమ్మ గదికి గడియ లేదు. కుప్పంలోనూ లేదు. బుట్ట మూతకు తాడు కట్టరు. ఎందుకో గిరిబాబుకు పట్టలేదు, ఉషాకు ఎవరూ చెప్పలేదు. రంగనాయకమ్మకు అత్తగారు చెప్పింది. ఊళ్ళో మశూచి వచ్చిన ఏడాది, చౌడమ్మకు ఒళ్ళంతా అమ్మవారు పోసింది. పసిపిల్లలకు అంటుతుందని ఆమెను గదిలో ఉంచి, బయట తాళం వేసి, ఇంటిల్లిపాదీ చేని దగ్గర కొట్టానికి పోయినారు. నీళ్ళు ఇంకొకరు పెట్టే ఉంటారని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. తిరిగొచ్చి తలుపు తీస్తే, లోపలివైపు చెక్కంతా గోళ్ళ గీతలు.

అటువంటి మనిషిని కారులో పెట్టి తాళం వేశారు.

“వెనక్కు పోదాం మా,” అన్నాడు గిరిబాబు. “అద్దం ఏయించుకోని ఇంకో దినం పోతే కాదా?”

“ఒట్టిబుట్ట తీసుకోని యాడికి పోయేది? ఎనక్కూ లేదు, ముందరికీ లేదు. ఉండు.”

రెడ్డెప్ప ఎరువుల అంగట్లో ప్లాస్టిక్ పట్ట అడిగి తెచ్చి, అద్దం లేని చోట టేపుతో అంటించాడు. గిరిబాబు ఇన్సూరెన్సు వాళ్ళకు ఫోను కలిపి దూరంగా నడిచాడు. రంగనాయకమ్మ కారు తలుపు బార్లా తెరిచి, గొడుగు చాటున తమలపాకు మీద కర్పూరం వెలిగించి, పెంకులు పడ్డ చోట కూర్చుంది.

“మా ఇంటి ఆడబిడ్డా, తప్పయిపోయింది. తలుపు తెరిచి పెట్టినాం. నా కోడలు ఒళ్ళో కూర్చుందువు, రా తల్లీ.”

ఏమీ లేదు. తుంపర చప్పుడు. బేకరీలో ఎవరో దగ్గారు.

“ఎవరి మీదా కోపం పెట్టుకోవద్దు. రా తల్లీ.”

కర్పూరం కొండెక్కింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఈ బిడ్డన్నా నిలవాల. ఇంట్లో ఒక పసిదాని ఏడుపు వినాల. నీ పేరు పలకలేను, నా మనసు నీకు తెలుసు. రా... ఎక్కు.”

కారు ఆ పక్కకు కొంచెం కుంగింది. ఎవరో ఎక్కినట్టే. బుట్ట ఎత్తి చూసింది. బరువు! రంగనాయకమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని లేచింది. బుట్ట అడుగు చల్లగా తగిలింది. పసుపు వాసన రావలసిన చోట అప్పుడే తవ్విన మట్టి వాసన వచ్చింది. వానకు అన్నీ అలాగే ఉంటాయిలే అనుకుంది.

పలమనేరు దాటేసరికి పొద్దు వాలింది. ప్లాస్టిక్ పట్ట గాలికి తపతపా కొట్టుకుంటోంది. గిరిబాబు ఇంకా ఫోనులోనే ఉన్నాడు. రెడ్డెప్ప రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పడం లేదు. ఉషా ఒళ్ళో బుట్ట పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“బరువుగా ఉండాదత్తా,” అంది మధ్యలో. “పొద్దున ఇంత లేదు.”

“మంచిదే తల్లీ. మంచిదే.”

అన్నదే కానీ, ఆ మాట రంగనాయకమ్మ చెవికే సరిగా వినపడలేదు. పొద్దున ఇంత లేదా? పుంగనూరులో తను ఎత్తినప్పుడు సంతోషంలో గమనించలేదు.

వి.కోట దాటాక అడవి దగ్గర టార్చిలైటు ఊపుతూ ఫారెస్టు మనిషి కారాపాడు. “ఏనుగులు దాటతాండాయి. ఇంజను ఆపేయండి. లైట్లు తీసేయండి. గట్టిగా మాట్లాడొద్దండి,” అని చెప్పి చీకట్లో కలిసిపోయాడు.

రెడ్డెప్ప అన్నీ ఆపాడు.

ఎక్కడో కొమ్మ విరిగింది. తర్వాత అదీ లేదు. ఆకు కదలడం లేదు. గాలి లేదు. అయినా ప్లాస్టిక్ పట్ట మెల్లగా లోపలికి ఉబ్బింది... మెల్లగా బయటికి పోయింది... మళ్ళీ లోపలికి. నిద్రపోయే పసిదాని డొక్కలా. రంగనాయకమ్మ దాన్నే చూస్తూ, లోపల్లోపల దేవుణ్ణి తలుచుకుంది.

గిరిబాబు ఫోను వణికింది. “పిన్నమ్మ,” అని గొణిగి, తల్లికి అందించాడు.

“అక్కా!” అవతల గోవిందమ్మ. “మధ్యాన్నం నుంచీ చేస్తానే ఉండా. మీవాడి ఫోను ఎప్పుడూ బిజీనే. యాడుండారు?”

“అడవికాడ. మెల్లగా మాట్లాడు. ఏమైంది?”

“ఏమయ్యేదేముంది, అంతా మంచిదే. ఆయమ్మ వచ్చేసిందక్కా.”

రంగనాయకమ్మకు అర్థం కాలేదు. “ఎవురు?”

“ఎవురేంది, మనామె. నువ్వు చెప్తావే, రాంగానే దప్పిగొనుంటాదని, పీట ముందర చెంబు పెట్టల్లని. పెట్టి మూతేసినా. టీవీలో సీరియలు అయిపోయి పోయి సూస్తే సగం నీళ్ళు లేవు. గదంతా పసుపు వాసన. ఇప్పుడు ఇంకో చెంబు పెట్టినా, అదీ తగ్గతాండాది.” గోవిందమ్మ గొంతులో సంతోషం, అంతలోనే చిన్న అనుమానం. “బుట్ట రాకముందే ఎట్లొచ్చిందక్కా? అదొకటీ... పీట చుట్టూ గాజుపెంకులు పడుండాయి. కలకండ మాదిరి. మా ఇంట్లో ఏమీ పగల్లేదే?”

రంగనాయకమ్మ ప్లాస్టిక్ పట్ట వైపు మళ్ళీ చూసింది.

చౌడమ్మ తాళం పడ్డ కారు అద్దం పగలగొట్టుకుని దిగి, తన దోవన తాను కుప్పం చేరింది. చేరి నీళ్ళు తాగుతోంది. మరి పుంగనూరు వీధిలో, పేరు పలకకుండా, తలుపు బార్లా తెరిచి, పసిదాని ఏడుపు వినాలని తను పిలిస్తే... ఎక్కింది ఎవరు?

“అక్కా? లైన్లో ఉండావా?”

ఫోను ఒళ్ళో జారిపోయింది. ఆమె పక్కకు తిరిగింది. చీకట్లో ఉషా బొమ్మలా కూర్చుని ఉంది.

“ఉషా,” గుసగుసగా అంది. “ఆ బుట్ట ఇటియ్యి.”

“యాలత్తా, ఎందుకు?”

“ఇయ్యి తల్లీ. అడక్కుండా ఇయ్యి.”

బరువు తట్టుకోవడానికి ముందే రెండు చేతులూ బిగించి పట్టి లాగింది. బుట్ట ఎగిరి ఆమె గుండెకు తగిలింది. మూత ఊడి కింద పడింది. బుట్టలో కోక, గాజులు. అంతే. దూదంత బరువు కూడా లేదు.

“ఎప్పుడు...” రంగనాయకమ్మ బుట్టను తిప్పి చూసింది. “ఎప్పుడు తేలికైందే ఇది?”

“ఇందాక కారు నిలబడినప్పుడే అత్తా. నాకు హాయిగా అనిపించింది.” ఉషా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. ఆ గొంతులో భయం లేదు, ఆశ్చర్యమే ఉంది. “అత్తా, ఈ పక్క తంతాండాది... ఆ పక్కా తంతాండాది. రెండూ ఒకేసారి.”

నిన్ననే మదనపల్లెలో స్కానింగు తీయించారు. ఒకటే బిడ్డ అన్నారు.

దూరంగా ఫారెస్టు మనిషి ఈల వేశాడు, పోవచ్చని. రెడ్డెప్ప తాళంచెవి తిప్పబోయి, ఎందుకో ఆగి, అద్దంలోంచి వెనక్కి చూశాడు.

ఉషా అత్త చేతిని వెతుక్కుని పట్టుకుంది. తన కడుపు మీదికి తీసుకుపోయి ఒక పక్క ఆనించింది. తర్వాత రెండో పక్క.

“సూడత్తా,” అంది. “ఇది వెచ్చగా ఉండాది. ఇదేమో యాల ఇంత సల్లగా ఉండాది?”