ముందు అక్కకు

ఎండాకాలం మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ వెనకాల గల్లీలో కాకి కూడా అరవదు. శ్రీపతి ఇంట్లో కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి ఉండేవి. పనిమనిషి పూలమ్మ వాటి మీద నీళ్ళు చల్లి వెళ్ళిందంటే పట్టపగలే గదంతా చీకటి. తడిసిన వేళ్ళ వాసన, గచ్చు మీద టప్... టప్... మని రాలే నీటిచుక్కలు, ఎప్పుడో ఒకసారి ఇంజను కూత. ఆ చల్లని చీకట్లో శ్రీపతి భార్య వసుమతి వెల్లకిలా పడుకుని, తన చెంప తనదేనా అని ఆలోచిస్తూ ఉండేది.

నవ్వకండి. అలా ఆలోచించడానికి ఆమెకు కారణం ఉంది.

వసుమతికి దురలవాటంటూ ఉంటే ఒక్కటే, జర్దా పాన్. ఎడమ బుగ్గన పెట్టుకుందంటే అన్నం వేళ దాకా తీసేది కాదు. ఆ బుగ్గలోనే పుండు లేచింది, పుండు కాస్తా గడ్డయింది. పోలీస్ యాక్షన్ అయిన నాలుగైదేళ్ళకు జరిగిన మాట ఇది. బొంబాయిలో చదివొచ్చిన డాక్టర్ విద్యాసాగర్ గడ్డతోపాటు చెంప మొత్తం తీసేశాడు. తీసిన చోట పడ్డ గొయ్యిని అలా వదిలేయలేదు. మెడ కింద, రొమ్ముకు పైన ఉండే చర్మాన్ని ఒక అంచు తెగకుండా లేపి, పైకి తిప్పి చెంపకు కుట్టాడు. అది అతుక్కుంది. ప్రాణం దక్కింది.

"చర్మం చోటు మారింది కానీ దాని నరానికి ఇంకా ఆ సంగతి తెలియదమ్మా" అన్నాడు డాక్టరు. "చెంప ముట్టుకుంటే మెడ కింద ముట్టుకున్నట్టు ఉంటుంది. భయపడకండి. పోనుపోను సర్దుకుంటుంది."

ఆ మెడ కింది చోటు మామూలు చోటు కాదు. వసుమతి శ్రీపతికి రెండో భార్య. మొదటి భార్య శశికళ కాపురానికి వచ్చిన కొద్ది రోజులకే విషజ్వరంతో పోయింది. పోయిన సవతి పేరున చిన్న బంగారు బిళ్ళ చేయించి, పెళ్ళినాడే వసుమతి మెడలో వేశారు. ఇంట్లో ఆ బిళ్ళను "అక్క" అనేవాళ్ళు. కొత్త చీర కొంటే ముందు అక్కకు తాకించాలి. పూలు తెస్తే ముందు అక్కకు. ఆ తర్వాతే వసుమతికి. లేకపోతే పోయినావిడ అలుగుతుందని భయం. ఇన్నేళ్ళూ వసుమతి ఆ మర్యాద ఏనాడూ తప్పలేదు. ఆ బిళ్ళ రాత్రీ పగలూ ఒరుసుకున్న చర్మమే ఇప్పుడు ఆమె చెంప మీద ఉంది.

ఆపరేషన్‌కు ముందు నర్సు నగలన్నీ తీయించి శ్రీపతి చేతికిచ్చింది. ఇంటికొచ్చాక పుస్తెలు మళ్ళీ మెడలోకొచ్చాయి. బిళ్ళ రాలేదు.

"అక్క ఏది?" అని అడిగింది.

"గాయం మంచిగ మాననీ. తొందరేంది?" అన్నాడు శ్రీపతి, గోడ గడియారానికి కీ ఇస్తూ. అతనికి అబిడ్స్‌లో గడియారాల దుకాణం ఉంది. ఇదివరకు దుకాణం నుంచి రాగానే భార్య మొహం చూడందే చెప్పులు విప్పేవాడు కాడు. ఇప్పుడు గోడతో మాట్లాడతాడు, గడియారంతో మాట్లాడతాడు, ఆమె మొహంలోకి మాత్రం చూడడు. వసుమతికి బంగారం అక్కర్లేదు, మేడలు అక్కర్లేదు. మొగుడు మళ్ళీ తన మొహంలోకి సూటిగా చూస్తే చాలు. ఆ ఒక్కటే కరువైపోయింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కునుకు పట్టబోతుంటే మెడ కింద ఎవరో వేలితో రుద్దుతున్నట్టనిపించింది. నెమ్మదిగా, గుండ్రంగా. చేయి వేసి చూసుకుంది. అక్కడేమీ లేదు. అప్పుడు డాక్టరు మాట గుర్తొచ్చింది. మెడ కింద తెలుస్తోందంటే...

ఎవరో తన చెంప నిమురుతున్నారు!

గభాల్న కళ్ళు తెరిచింది. మంచం పక్క కుర్చీలో శ్రీపతి పేపరు చదువుకుంటున్నాడు.

"ఏందట్ల లేచినవ్? కల వచ్చిందా?"

వసుమతి అటు తిరిగి పడుకుంది. మేలుకుని ఉంటే చూడనే చూడడు, నిద్రపోతే చెంప నిమురుతాడు. అది ఎవరి చెంప అనుకుని నిమురుతున్నట్టు? అనుమానం పురుగులా లోపలికి దూరింది. ఆ రోజు నుంచి మొగుడి ప్రతి కదలికనూ దొంగచూపులతో కనిపెట్టడమే ఆమె పనైపోయింది. అతను పచ్చడి వేసుకోకపోయినా అనుమానమే, వేసుకున్నా అనుమానమే. శశికళ పచ్చళ్ళు బాగా పెట్టేదట మరి. బీరువా, పెట్టె, దేవుడి గూడు, అన్నీ గాలించింది. బిళ్ళ ఎక్కడా లేదు.

మరోనాడు శ్రీపతి దుకాణానికి వెళ్ళాడు. పూలమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది, చప్పుడు వినిపిస్తూనే ఉంది. వసుమతి కళ్ళు మూసుకుంది.

మెడ కింద మళ్ళీ వేలు.

ఈసారి కళ్ళు తెరవలేదు. ఊపిరి బిగబట్టింది. తలుపు గడియ తనే వేసింది... గదిలో ఎవరూ లేరు... వేలు ఆగలేదు. అరిగిన బిళ్ళను బొటనవేలితో రుద్దినట్టు, అదే చోట, అదే పనిగా... తటాలున ఎడమ చెంప మీదికి చేయి విసిరింది. గాలి తప్ప ఏమీ అందలేదు. వేలు ఒక్క క్షణం ఆగింది.

మళ్ళీ మొదలైంది.

వసుమతి కెవ్వున కేకేసింది. ఎలా గడియ తీసిందో, ఎలా పెరట్లో పడిందో ఆమెకే తెలియదు. పూలమ్మ బూడిద చేతులతోనే పట్టుకుని కూర్చోబెట్టింది. విషయమంతా వింది. శశికళ ఉన్ననాటి నుంచీ ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి ఆమె.

"అమ్మా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు" అంది గొంతు తగ్గించి. "కొత్తది ఏదొచ్చినా ముందుగాల అక్కకే సూపిస్తవ్ గద?"

"ఔ."

"గీ చెంప గూడ కొత్తదేనాయె. సూపిచ్చినవా?"

 వసుమతి చీరకూ, గాజులకూ, మూర పూలకూ అక్కను అడిగింది. మొహానికి అడగలేదు!

సాయంత్రం శ్రీపతి వాకిట్లోకి రాగానే ఎదురెళ్ళి నిలబడింది. "బిళ్ళ ఇయ్యండి. ఇప్పుడే ఇయ్యండి."

అతను నేల చూశాడు. "లేదు వసూ. హుస్సేన్‌సాగర్‌ల ఏసిన."

"అయ్యో! ఎందుకు?"

"నిన్ను లోపలికి తీస్కపోయిన్రు. నేను బయట ఒక్కన్నే. గప్పుడు మొక్కుకున్న. ఈమెను నాకియ్యి, ఆమెను వదిలేస్త అని. ఎన్నేండ్ల సంది మన నడుమ ఉన్నది! ఇగ చాలనుకున్న."

 ఈ మనిషినా తను అనుమానించింది? వసుమతికి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా అడిగింది. "మరి నేను పండుకుంటే చెంప ముట్టుకునేది మీరే గద?"

"నేనా?" శ్రీపతి బిత్తరపోయాడు. "నాకు భయం వసూ. నీకు నొస్తదేమోనని. ఆపరేషన్ అయినప్పటి సంది ఆ దిక్కు సూడనీకే ధైర్యం చాలలే. ఒక్కపారి గూడ ముట్టలే."

 బిళ్ళ చెరువు పాలయింది. ఇక అక్క ఎక్కడ కూర్చుంటుంది? అన్నేళ్ళు తను కూర్చున్న చర్మం ఎక్కడుందో అక్కడే కదా!

మర్నాడు శ్రీపతి దుకాణానికి వెళ్ళగానే ఆమె తలంటుకుంది. జబ్బు తగ్గిందని అతను కొనితెచ్చిన చిలకపచ్చ గద్వాల చీర మడత విప్పకుండా ఉంది. దాన్ని అద్దం ముందు పీట మీద పెట్టి, పైన ఇంత కుంకుమ వేసింది. అద్దంలో చూస్తూ ఎడమ చెంపకు పసుపు రాసింది. 

"అక్కా, చీర కొత్తది. ఈ చెంప గూడ కొత్తదే. అడగకుండ పెట్టుకున్న, తప్పయింది. ముందు నువ్వు... తర్వాతనే నేను."

ఏ జవాబూ రాలేదు. తడకల నీళ్ళు మాత్రం టప్... టప్... మంటున్నాయి. వసుమతి మంచమెక్కి, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఎదురుచూసింది. వేలు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఎన్నో రోజుల తర్వాత ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. ఆ నిద్రలో కల కూడా లేదు.

తలుపు బాదిన చప్పుడుకు లేచింది. ఇంకా పొద్దు గుంకలేదు. శ్రీపతి దుకాణం ముందే కట్టేసి వచ్చాడు. చేతిలో మల్లెపూల పొట్లం, మొహమంతా నవ్వు.

"నాకు జెప్తే రిక్షా పంపకపోదునా? గింత ఎండల నడిచి వస్తరా ఎవరన్న?"

"ఎక్కడికి?"

"దుకాణానికి! ఎంత పిలిచినా లోపలికి రాకపోతివి. గడప కాడ నిలబడి నన్ను జూసి నవ్వి, అట్లనే మళ్ళిపోతివి. మొఖానికి కొంగు గూడ కప్పుకోలే." అతను దగ్గరికొచ్చాడు. "కొత్త చీరల ఎంత మంచిగున్నవ్ వసూ! ఒట్టు, కుట్లు కనబడనే లేదు."

అంటూ శ్రీపతి ఆమె మొహంలోకి సూటిగా, ఆశగా చూశాడు. ఇన్నాళ్ళూ ఆమె ఏడ్చింది ఆ చూపు కోసమే. ఆ చూపు ఆమె ఎడమ చెంప మీదే నిలిచిపోయింది.

వసుమతి మెల్లగా తల తిప్పింది. అద్దం ముందు పీట మీద చిలకపచ్చ చీర మడత విప్పకుండా అలాగే ఉంది. పైన వేసిన కుంకుమ కూడా చెదరలేదు.

రెండు చేతులూ మొహానికి ఆనించుకుంది. పొద్దుటి నుంచి చీకటి గదిలో పడుకున్న మనిషి కదా, కుడి చెంప చల్లగా ఉంది. ఎడమ చెంప మాత్రం ఎండన పడి చాలా దూరం నడిచొచ్చినట్టు కాలిపోతోంది.