వేరే మంద వాసన

2004లో ఒక సోమవారం, హిందూపురం బస్టాండులో ఉమేష్ కిటికీలోంచి తువ్వాలు వేసి పట్టుకున్న సీటులో హేమావతి దర్జాగా కూర్చుంది. "సీటు గుడ్డకా, మనిషికా?" అని ఆమె అడిగితే అతను తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. బెంగళూరు దాకా నిలబడే వెళ్ళాడు. తీరా దిగి చూస్తే ఇద్దరూ వెళ్ళేది ఒకే ఆసుపత్రికి. అతను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్. ఆమె పేషెంటు. అరికాలి మీద నల్లమచ్చ క్యాన్సరై గజ్జల దాకా పాకింది.

ఆరు నెలల్లో ఆపరేషన్ అయింది, గడ్డ మళ్ళీ వచ్చింది. ఈలోపల పాడు ప్రేమ కూడా వచ్చింది. ఇద్దరూ పైకి చెప్పుకోలేదు.

డాక్టర్లు కొత్త ప్రయోగం ఒకటి ఉందన్నారు. ఆమె తండ్రి సంజీవప్పది సోమందేపల్లి దగ్గర గొర్రెల మంద. ఆయనకు వివరించే పని ఉమేష్ మీద పడింది.

"గడ్డలోని కణం మన మంద గొర్రె మాదిరే ఉంటాది పెద్దాయనా. ఒంట్లో ఉండే కాపలా కుక్కలు దాన్ని చూసి మొరగవు. దాన్ని బయటికి తీసి, దాంట్లో వైరస్ జీన్ ఒకటి పెట్టి తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తే వేరే మంద వాసన వస్తాది. అప్పుడు ఎగబడతాయి."

హేమావతి సంతకం చేసింది. సాక్షిగా సంజీవప్ప వేలిముద్ర వేశాడు. కానీ వైరస్ అన్న మాట ఆయన మనసులో ముల్లులా దిగబడింది.

మొదటి ఇంజెక్షన్ అయిన వారానికి ఉమేష్ వాళ్ళ ఊరికి వెళ్ళాడు. హేమావతి ఇంట్లో లేదు. దొడ్డికి అవతల, జబ్బు గొర్రెలను వేరుపెట్టే కొట్టంలో మంచం మీద ఉంది. తల్లి దూరంగా పళ్ళెం పెట్టి పోతోంది. మందలో రోగం కనిపిస్తే మొదట చేసే పని అదే. సంజీవప్ప కన్నకూతురికీ అదే చేశాడు, చేసిన నాటి నుంచి ఆయనకూ ముద్ద దిగడం లేదు.

ఉమేష్ తిన్నగా కొట్టంలోకి నడిచాడు. మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, ఆమె సగం తిని వదిలేసిన సంగటిని తల్లీ తండ్రీ బయటి నుంచి చూస్తుండగానే తినేశాడు.

"ఇది అంటుకునేది కాదు పెద్దాయనా."

సంజీవప్ప తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎంగిలి తిన్నావు గదా, ఇంక దాచొద్దు," అంది హేమావతి. "మీ ల్యాబులో ఎలకలు ఎన్ని బతికినాయి?"

ఇన్నాళ్ళూ బతికిన వాటి గురించే చెప్పి ఆమెకు ఆశపెట్టాడు. అందుకు సిగ్గేసింది.

"పదింట్లో మూడు."

ఆమె ఖాళీ పళ్ళేన్ని మంచం కిందికి నెట్టింది.

"ఆ మూడింట్లో ఉంటానో, ఏడింట్లో ఉంటానో. తెలిసేదాకా ఆగితే అడిగేదానికి నేను ఉండకపోవచ్చు. అడగాల్సింది ఏదో మా నాయనను ఇప్పుడే అడుగు."

ఉమేష్ లేచి నిలబడ్డాడు. అతను నోరు తెరవక ముందే సంజీవప్ప కొట్టంలోకి వచ్చి, కూతురితో పాటే మంచాన్ని ఒక పక్క ఎత్తాడు.

"ఆ పక్క నువ్వు పట్టుకోప్పా. ఇంట్లోకి తీసకపోదాం."