కుడికంటి రింగు

"ఇది బాగవుతుందా? కాదనకండి. కాదనే ముందు ఒక్కసారి విప్పి చూడండి."

వానలో తడిసి ముద్దయి వచ్చిన అమ్మాయి, నా బల్ల మీద బైనాక్యులర్ పెడుతూ అన్న మొదటి మాటలివి. చేతిలో గొడుగుంది. ఆ గొడుగు బైనాక్యులర్‌కి పట్టి, తను తడిసింది.

దాన్ని చూడగానే మొహం చిట్లించాను.

"ఈ మోడల్ ఆపేసి పన్నెండేళ్ళయిందండీ."

"తెలుసు."

"స్పేర్లు దొరకవు."

"అదీ తెలుసు."

"బాగుచేసినా లాభం లేదు. కుడికన్ను మసక. పది నిమిషాల్లో తలనొప్పి గ్యారంటీ."

కళ్ళజోడు తుడుచుకుంటున్న ఆమె చెయ్యి ఆగింది. నన్ను ఓ క్షణం ఎగాదిగా చూసి, మళ్ళీ తుడుచుకుంది.

"మీరూ ఆ స్క్రూగాడి శిష్యులేనా?" అంది.

శిష్యుణ్ణి కాను. ఆ స్క్రూగాణ్ణి నేనే.

కాస్త చెప్పుకోవాలి. కెమెరాలు, మైక్రోస్కోపులు, బైనాక్యులర్లు బాగుచేసే ఈ షాపు మా బాబాయ్‌ది. ఆయన కళ్ళకి శుక్లాలు వచ్చాక నాకు అప్పజెప్పి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎనిమిదేళ్ళుగా షాపులో నేనొక్కణ్ణే. పైన గదిలోనూ నేనొక్కణ్ణే. మధ్యాహ్నం ఒక్క పళ్ళెం కడుక్కుంటాను. రోజూ సాయంత్రం ఆరింటికి బాబాయ్ ఫోన్ చేసి, "ఏరా, ఎవరైనా వచ్చారా?" అంటాడు. బేరాల గురించి అడుగుతున్నాడో, నా బతుకు గురించి అడుగుతున్నాడో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. రెండింటికీ "లేదు బాబాయ్" అనే చెప్పేవాణ్ణి.

పక్షులు చూసేవాళ్ళకి ఇంటర్నెట్‌లో ఒక గ్రూపుంది. అందులో నేను స్క్రూ అనే పేరుతో ఏ బైనాక్యులర్ ఎలాంటిదో రాస్తుంటాను. నా మాటకి అక్కడ మహా విలువ. మూడేళ్ళ క్రితం, తాడు తెగిందని షాపుకి వచ్చిన ఈ మోడల్‌లోంచి ఓ ఐదు నిమిషాలు బయటికి చూసి, కుడికన్ను మసక, తలనొప్పి గ్యారంటీ, కొనకండి, ఉంటే వదిలించుకోండి అని రాసి పారేశాను. దాంతో ఆ మోడల్‌కి తలనొప్పి అనే పేరు స్థిరపడిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో కూడా దాన్ని ముట్టుకునేవాడు లేడు.

ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు. కొంగ అనే పేరుతో ఎవరో ప్రతి ఆదివారం నాతో గొడవకి దిగేవారు. ముందు మీ కళ్ళు టెస్ట్ చేయించుకోండి అని కొంగ. మీరు కళ్ళజోడు మార్చండి అని నేను. అలా మూడేళ్ళు. నిజం చెప్పొద్దూ, వారమంతా నేను ఆ గొడవ కోసమే ఎదురుచూసేవాణ్ణి. నాతో పనిగట్టుకుని మాట్లాడే మనిషి లోకంలో ఇంకెవరున్నారు?

"ఆ స్క్రూగాడు ఎవరండీ?" అన్నాను, స్క్రూడ్రైవర్ వెతుకుతున్నట్టు తల వంచుకుని.

"ఎవడో పని లేని పెద్దమనిషి. వాడు రాసింది చదివి మా సార్ ఆఫీసులో ఉన్న ఐదింటినీ గోడౌన్‌లో పడేయించాడు. ఆరోది ఇది. నా సొరుగులో దాచుకున్నా. సోమవారం ఇదీ ఇచ్చెయ్యాలట."

"కొత్తవి ఇస్తారుగా?"

"ఇచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే తలుపు సందులోంచి చూసినట్టుంటుంది. ఇందులో అయితే చెరువు మొత్తం కనిపిస్తుంది. నా పని చెరువు మీద పక్షుల్ని లెక్కపెట్టడం. లెక్క తప్పితే నన్ను ఫైళ్ళ సెక్షన్‌లో కూర్చోబెడతారు."

"పదిమంది మధ్య కూర్చోవడం నయం కదండీ? చెరువు దగ్గర ఒంటరిగా ఏముంటుంది?"

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది.

"చెరువు దగ్గర ఎవరూ ఉండరు కాబట్టి ఎవరూ మాట్లాడరు. ఫైళ్ళ సెక్షన్‌లో పదిమంది ఉండీ మాట్లాడరు. అది నావల్ల కాదు," అంది. తర్వాత గొంతు పెంచి, "ఆ స్క్రూగాడితో మూడేళ్ళుగా నేనొక్కదాన్నే పోట్లాడుతున్నా. మొండిఘటం! కనిపించాలి, అప్పుడు చెప్తా!" అంది.

నా చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది. కొంగ అంటే ఏ రిటైరైన మాస్టారో అనుకున్నాను.

"శనివారం రండి," అన్నాను.

లోపలికి దిగిన నీళ్ళు ముందు అద్దాల వైపు చేరాయి. అటువైపు విప్పి, ఆరబెట్టి, బూజు తుడిచి, మళ్ళీ బిగించాను. శుక్రవారమంతా అదే పని. ఇంత శ్రద్ధగా నా పళ్ళెం కూడా ఎప్పుడూ తుడవలేదు. చివర్లో కిటికీలోంచి చూస్తే, ఎడమకన్ను అద్భుతం. కుడికన్ను మసక. నేను రాసింది రాసినట్టే ఉంది. సంతోషపడాల్సింది, ఉసూరుమన్నాను.

శనివారం ఆమె వచ్చింది. చూసీ చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఎంత బావుందో! ఎదురు మేడ మీద ట్యాంకుంది చూశారా, గోరింక పిల్లకి తినిపిస్తోంది!"

"మీకెలా కనిపిస్తోందండీ? కుడివైపు మసకగా లేదూ?"

"మీరు రింగు తిప్పుకున్నారా?"

"రింగెక్కడుంది దీనికి?"

ఆమె నన్ను అదోలా చూసింది. కుడికంటి దగ్గరున్న రబ్బరు మూతని వేలితో పైకి మడిచింది. కింద సన్నటి రింగు. దాని మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క.

"ఆ చుక్క నా కంటికి. మీ కంటికి మీరు తిప్పుకోవాలి. ఎడమకన్ను మూసి, తిప్పుతూ చూడండి."

తిప్పాను. మసక చెదిరింది. గోరింక కంటి చుట్టూ పసుపు కూడా స్పష్టంగా కనిపించింది. ఛీ, నా బతుకు! కుడికంటికి రింగుంటుందని షాపుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పే నేను, పైకి కనబడలేదని ఈ మోడల్‌కి అసలు రింగే లేదనుకున్నాను. ఇంకెవరి కంటికో పెట్టిన దాంట్లోంచి చూసి, వస్తువుకి వంక పెట్టాను.

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఒప్పుకుంటే గొడవ అయిపోతుంది. గొడవ అయిపోతే ఆదివారాలు కొంగ ఎందుకొస్తుంది?

"థాంక్సండీ," అంది ఆమె గుమ్మం దగ్గర ఆగి. "ఎంత బాగుచేసినా, సోమవారం మా సార్, 'స్క్రూ రాశాడుగా' అంటాడు. ఏం చేస్తాం."

ఆ సాయంత్రం బాబాయ్ ఫోన్ చేశాడు. "ఎవరైనా వచ్చారా?"

"వచ్చి వెళ్ళిపోయారు బాబాయ్."

"పంపించేశావా?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే కూర్చుని రాశాను. 'మూడేళ్ళ క్రితం నేను రాసింది తప్పు. ఆ మోడల్‌లో లోపం లేదు. కుడికంటి రింగు రబ్బరు కింద ఉంటుంది. బాగుచేసేవాణ్ణయ్యుండి దాన్ని తిప్పకుండానే మసక అన్నాను. ఉన్నవాళ్ళు పారెయ్యకండి. కొంగ మొదటినుంచీ చెప్పింది నిజం.'

గ్రూపంతా నవ్వింది. నవ్వనీ. నేను ఒక్క జవాబు కోసం చూస్తున్నాను. తొమ్మిదైంది, పన్నెండైంది. కొంగ లేదు. అన్నం సహించలేదు. అయినా పళ్ళెం కడిగాను.

మూడింటికి జవాబొచ్చింది. 'ఐదింటికి చెరువుకి రండి. షాపుకి తాళం వేసి రండి, మర్చిపోతారు గ్యారంటీ.'

చెరువుగట్టు మీద మడతకుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఇంకో మడతకుర్చీ, కొత్తది.

"నేనేనని ఎప్పుడు తెలిసింది?" అన్నాను రొప్పుతూ.

"గ్యారంటీ అన్నప్పుడే. తలనొప్పికి గ్యారంటీ ఇచ్చేవాడు లోకంలో ఇంకెవడుంటాడు?"

"తెలిసే నా ఎదురుగా అన్ని తిట్లా?"

"మూడేళ్ళకి మొహం మీద తిట్టే ఛాన్సొచ్చింది, వదులుకుంటానా?"

"మరి రింగు సంగతి మూడేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"మెకానిక్‌కి రింగు తిప్పుకో అని ఎవరైనా చెప్తారా? తిప్పే ఉంటారనుకున్నా," అని నవ్వింది. "మా సార్ ఫోన్ చేశారు. గోడౌన్‌లోవి ఐదూ తెప్పిస్తారట. ఇది నా దగ్గరే ఉంటుంది."

హమ్మయ్య అనుకున్నాను. కానీ ఇంకో మాట మిగిలే ఉంది.

"నిన్ననే చెప్పాల్సింది," అన్నాను. "ఒప్పుకుంటే మీరిక ఆదివారాలు రారని భయపడ్డానండీ. మీరు తప్ప నాకు ఎవరూ లేరు మాట్లాడ్డానికి."

ఆమె నవ్వు ఆగిపోయింది. నీళ్ళ వైపు చూస్తూ అంది, "నాకూ పొద్దున మీరు రాసింది చదివితే ఏడుపొచ్చింది. గెలిచానుగా, ఇంక వచ్చే ఆదివారం ఏం చెయ్యాలి అని. జవాబు రాయడానికి మూడయింది అందుకే."

తర్వాత ఆమె బైనాక్యులర్ నా చేతిలో పెట్టింది.

"తిప్పుకోండి. సరిగ్గా కుదిరాక చెప్పండి."

కుదిరాక చెప్పాను. ఆమె సంచీలోంచి చిన్న సీసా తీసింది. నీలం గోళ్ళరంగు. ఎర్రచుక్కకి కాస్త పక్కన, రింగు మీద ఇంకో చుక్క పెట్టి, ఆరాలని ఊదింది.

"ఇది మీది. చూసుకున్నాక నా చుక్క దగ్గరికి తిప్పి ఇవ్వాలి. మర్చిపోయారో, ఊరుకోను."

అవతలి గట్టు మీద తెల్లకొంగలు ఒక్కటొక్కటే వాలుతున్నాయి. ముప్ఫై ఒకటి లెక్కపెట్టాను. ఆమె ముప్ఫై నాలుగంది. మళ్ళీ గొడవ మొదలైంది.

అంతలో జేబులో ఫోన్ మోగింది. ఆరయింది.

"ఏరా, ఎవరైనా వచ్చారా?"

రింగుని ఎర్రచుక్క దగ్గరికి తిప్పి, బైనాక్యులర్ ఆమెకిచ్చాను.

"లేదు బాబాయ్," అన్నాను. "ఇవాళ నేనే వచ్చాను."