మిలట్రీ కొట్టులో ఆఖరి చరణం

ఊరు దాటి కాలువ గట్టు మీదకొస్తే మిలట్రీ కొట్టు. దీపాలు పెట్టాక అటు వెళ్ళేవాళ్ళు లేరిప్పుడు. తాళం వేసిన కొట్టులోంచి హార్మోనియం వినబడుతుందట... ఆ కొట్టు నడిపిన మాజీ సైనికుడు లాజరు గారు పోయి ఏడాది తిరక్కుండానే దెయ్యమైపోయారని ఊరంతా తీర్మానించేసింది.

ఆ మాట చెవిన పడినప్పటినుంచి ఆయన భార్య ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోతోంది. రెండు యుద్ధాలు చూసొచ్చి, ఊరికి ఉప్పూ పప్పూ కొలిచి, సాయంత్రమైతే కొట్టులోనే కూర్చుని కీర్తన వాయించుకున్న మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆయన పెట్టిన బెల్లంముక్కలు తిని పెరిగినవాళ్ళే ఆయన్ని దెయ్యం అంటున్నారు.

కొట్టు మళ్ళీ తెరిచి అందులోనే బతకాలని ఆవిడ పట్టుదల. ఈ పేరుండగా ఉప్పురాయికైనా ఎవరొస్తారు?

"దెయ్యం కొట్టు ఎవరు కొంటారండీ పిన్నిగారూ? ఎంతోకొంతకి నాకిచ్చేయండి," అన్నాడు పక్కన కొబ్బరికాయల వ్యాపారం చేసే మంగరాజు. మర్యాదకి మాత్రం లోటు లేదు. "ఆలోచించుకోండి, ఆయ్."

ఆ రాత్రే తాళంచెవి, టార్చిలైటు పట్టుకుని బయల్దేరింది ఎలీసమ్మ.

గట్టెక్కేసరికి — వినిపించింది. అదే కీర్తన... ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని నాలుగడుగులు వేసింది. పాట ఆగలేదు. కావాలని చెప్పులు టపటపలాడించింది.

ఆగలేదు...

అప్పుడొచ్చింది అసలు కోపం.

సరిహద్దులో రాత్రుళ్ళు కాపలా కాసిన అలవాటు లాజరు గారిని చివరిదాకా వదల్లేదు. అడుగు చప్పుడైతే చాలు, హార్మోనియం మెట్ల మీద చెయ్యి ఆగిపోయేది. "ఎవరండీ?" అనేవారు. బేరమైతే సరుకు కట్టిచ్చి, మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకునేవారు. వచ్చేపోయేవాళ్ళతో ఆ పాట ఏనాడూ పూర్తయింది లేదు. ఆయన వాయించగా ఆఖరి చరణాన్ని కట్టుకున్న పెళ్ళామే వినలేదు.

ఈ దొంగ దెయ్యం ఆఖరి చరణంలో ఉంది.

తాళం తీసింది. హార్మోనియం గుడ్డ కప్పుకుని మూలనే ఉంది. పైన పెంకులు తప్పించి ఎవరో లోపలికి దించిన స్పీకరు డబ్బా — ఎర్రలైటు వెలుగుతూ పాడుతోంది. పగలంతా మంగరాజు అరుగు మీద సినిమా పాటలు మోగించేది అదే.

పెరికి తీసుకెళ్ళి కాలువలో విసిరేసింది. తలుపుకి తాళం వేసేసరికి మంగరాజు పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నిగారండీ... ఊరికే, సరదాకి..."

"సరదానా? మీరంతా నిద్రపోడానికి మేలుకున్న మనిషిరా ఆయన. పోయాక ఆయన్ని బూచిని చేస్తావా? సిగ్గుండాలి."

మంగరాజు తల దించుకున్నాడు. ఏదో అనబోయాడు. అప్పుడు...

తాళం వేసిన తలుపు వెనక హార్మోనియం తిత్తి గాలి పీల్చింది. పల్లవి మొదలైంది.

మంగరాజు ఒకడుగు వెనక్కేశాడు.

పాట ఠక్కున ఆగింది.

"ఎవరండీ?"

ఎలీసమ్మ తలుపుకేసి చూస్తూ, "నేనేనండీ," అంది మెల్లగా.

పాట మళ్ళీ మొదలైంది, పల్లవి నుంచి.

మంగరాజు పారిపోబోయాడు. ఎలీసమ్మ వాడి చొక్కా ఒడిసి పట్టుకుంది.

"కదిలావో, కాళ్ళు విరగ్గొడతాను," అంది గుసగుసగా. "ఆయన్ని పూర్తి చెయ్యనీ."